టికెట్ ధర పెంపుకి పరిమితి ఉంది కదా అని లండన్‌కి దూరంగా ఇల్లు కొనవచ్చా? ఇంగ్లండ్ రైలు సీజన్ టికెట్ల గురించి

మీ ప్రశ్న చదివాను. ప్రస్తుతం ఈస్ట్ లండన్‌లో అద్దెకు ఉంటున్నారు. పిల్లల స్కూలు కోసం మిల్టన్ కీన్స్‌లో ఇల్లు చూస్తున్నారు. ఆఫీసు మాత్రం లండన్‌లోనే, వారానికి మూడు రోజులు వెళ్లాలి, త్వరలో ఐదు రోజులూ రమ్మనేలా ఉన్నారు. "సీజన్ టికెట్ ఏటా ఇంతకు మించి పెరగకుండా గవర్నమెంటు పరిమితి పెట్టింది, భయపడకండి" అని మార్ట్‌గేజ్ (ఇంటి లోన్) బ్రోకరు చెప్పారు. ఆ మాట నమ్మి పాతికేళ్ల లెక్క వేసుకోవచ్చా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్తాను. పరిమితి ఉన్న మాట నిజమే, మీరు కొనే సీజన్ టికెట్‌కి అది వర్తిస్తుంది కూడా. కానీ అది పాతికేళ్లకి ఇచ్చిన హామీ కాదు. ఏ ఏడాదికి ఆ ఏడాది ప్రభుత్వం తీసుకునే నిర్ణయం అది. రైలు కంపెనీ ఇష్టం వచ్చినట్టు పెంచకుండా మిమ్మల్ని కాపాడుతుంది, ప్రభుత్వమే పెంచాలనుకుంటే మాత్రం ఆపదు. కాబట్టి ఇల్లు కొనండి, కాకపోతే టికెట్ ఖర్చు ద్రవ్యోల్బణం కన్నా ఏటా ఒక శాతం ఎక్కువ పెరుగుతుందనుకుని లెక్క వేసుకోండి. ఆ లెక్కలో కూడా నెల గడుస్తుందనిపిస్తేనే సంతకం పెట్టండి.

ఇక్కడి రైలు టికెట్ల ఆదాయం లెక్కలు చూసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను, సీజన్ టికెట్ మీద రోజూ లండన్‌కి వెళ్లొచ్చిన అనుభవమూ ఉంది. మన తెలుగువాళ్లు ఇల్లు కొనేముందు ఈ విషయం నన్ను తరచూ అడుగుతుంటారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఏ టికెట్లకి పరిమితి ఉందో చూద్దాం. మన దేశంలో ఛార్జీలు రైల్వే శాఖే నిర్ణయిస్తుంది కాబట్టి ఇక్కడా అన్ని టికెట్లకీ ఒకే నియమం ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. ఇక్కడి టికెట్లలో సగం కన్నా కాస్త తక్కువకే ప్రభుత్వ నియంత్రణ ఉంది. వాటిని రెగ్యులేటెడ్ ఫేర్స్ అంటారు. ఉద్యోగులు రోజూ వెళ్లొచ్చే దారుల్లో చాలావరకు సీజన్ టికెట్లు, పెద్ద నగరాల చుట్టూ ఏ టైములోనైనా వెళ్లే ఎనీటైమ్ టికెట్లు, దూర ప్రయాణాలకి రద్దీ లేని వేళల ఆఫ్ పీక్ రిటర్న్ టికెట్లు ఇందులోకి వస్తాయి. ముందుగా బుక్ చేసుకునే అడ్వాన్స్ టికెట్లు, ఫస్ట్ క్లాస్, దూర ప్రయాణాల ఎనీటైమ్ టికెట్లు ఇందులో లేవు. వాటి ధర కంపెనీ ఇష్టం. రోజూ ఆఫీసుకి వెళ్లేవాడికి వేరే దారి లేదు, అదే లైను, అదే కంపెనీ, పొద్దున్న అదే రైలు. ఆ నిస్సహాయతని ఆసరాగా తీసుకుని ధర పెంచకూడదనే ఈ ఏర్పాటు చేశారు. రైళ్లని ప్రైవేటుకి ఇస్తున్నప్పుడు, 1993 రైల్వే చట్టం తర్వాత, 1996 జనవరి నుంచి ఇది అమల్లోకి వచ్చింది.

ఇదంతా ఇంగ్లండ్ సంగతి. స్కాట్లండ్, వేల్స్ ప్రభుత్వాలు తమ ఛార్జీలు తామే నిర్ణయించుకుంటాయి. స్కాట్లండ్‌లో 2025 సెప్టెంబరు 1 నుంచి రద్దీ వేళల అదనపు ఛార్జీనే తీసేశారు. లండన్ ట్యూబ్ (భూగర్భ మెట్రో), బస్సుల ఛార్జీలు మేయర్ చేతిలో ఉంటాయి. మీకు మిల్టన్ కీన్స్ నుంచి లండన్‌లోని యూస్టన్ స్టేషన్ దాకా రైలు, అక్కడి నుంచి ఆఫీసుకి ట్యూబ్ అయితే రెండు ముక్కలకీ రెండు వేర్వేరు నిర్ణయాలు ఉంటాయని గుర్తుంచుకోండి. ఇల్లు కొనేవాళ్లు ట్యూబ్ ముక్కని లెక్కలో వదిలేయడం నేను తరచూ చూస్తుంటాను.

పరిమితి ఎంత? అందరూ పొరపడేది ఇక్కడే. ఇన్ని పౌండ్లు దాటకూడదని ఎక్కడా లేదు. పాత ధర మీద ఎంత శాతం పెంచవచ్చు అన్నదే పరిమితి. ఆ శాతాన్ని చాలా ఏళ్లు ఆర్పీఐ అనే ద్రవ్యోల్బణ సూచీతో ముడిపెట్టారు. ముందటి ఏడాది జులై నెల అంకె తీసుకుంటారు. అది ఆగస్టు మధ్యలో బయటికి వస్తుంది. ధరలు లెక్కగట్టి, గుండ్రంగా చేసి, అన్ని టికెట్ మెషిన్లలోకీ ఎక్కించడానికి కొన్ని నెలలు పడుతుంది కాబట్టి జులై అంకె. ఏటా ఆగస్టులో టీవీలో "వచ్చే ఏడాది రైలు ఛార్జీలు ఇంత పెరగొచ్చు" అని వార్త వచ్చేది అందుకే.

ఆ సూత్రం కాలంతో పాటు ఎలా మారిందో చూస్తే బ్రోకరు మాట ఎందుకు సగమే నిజమో తెలుస్తుంది. 1996 నుంచి మూడేళ్లు ఆర్పీఐ ఎంతో పెంపు అంతే. 1999 నుంచి 2003 దాకా ఆర్పీఐ కన్నా ఒక శాతం తక్కువ, అంటే మిగతా ధరలతో పోలిస్తే ఏటా టికెట్ కాస్త చవకవుతూ వచ్చింది. 2004లో గాలి తిరిగింది. రైల్వే ఖర్చులో పన్నుల సొమ్ము వాటా తగ్గించి ప్రయాణికుడి వాటా పెంచాలని ఆర్పీఐ మీద ఒక శాతం అదనం చేశారు. అది 2013 దాకా నడిచింది. ఒక శాతమే కదా అనిపిస్తుంది. పదేళ్లు ఒకదాని మీద ఒకటి పేరుకుంటే మిగతా ధరల కన్నా పదిన్నర శాతం అదనంగా పెరిగినట్టు. 2010లో అప్పటి ప్రభుత్వం దాన్ని ఆర్పీఐ మీద మూడు శాతం చేస్తామని కూడా ప్రకటించింది. తర్వాత గొడవయ్యి వెనక్కి తగ్గారు. 2014 నుంచి మళ్లీ ఆర్పీఐ ఎంతో అంతే.

సూత్రం ఒక్కోసారి మనకి మేలు కూడా చేసింది. 2009 జులైలో ఆర్పీఐ మైనస్ 1.4కి పడింది. దానికి ఒకటి కలిపితే మైనస్ 0.4. దాంతో 2010లో రెగ్యులేటెడ్ ఛార్జీలు సగటున నిజంగానే తగ్గాయి. ఆ ముందు 2009లోనూ, ఆ తర్వాత 2012లోనూ అదే సూత్రం 6 శాతం వడ్డించింది. ఒకే నియమం కింద మూడేళ్ల తేడాలో ఇంత ఊగిసలాట. నెల జీతంలోంచి కట్టేవాళ్లకి ఆ ఊగిసలాటే అసలు టెన్షన్.

ఇక మీకు దగ్గరి ఏళ్లకి వద్దాం. కోవిడ్ తర్వాత పెంపు జనవరి నుంచి మార్చికి మారింది. 2021లో 2.6 శాతం (ఆర్పీఐ మీద ఒక శాతం అదనం), 2022లో 3.8. 2022 జులైలో ఆర్పీఐ ఏకంగా 12.3 శాతం. దాన్ని అలాగే పెడితే జనం భరించలేరని సూత్రం పక్కనపెట్టి, సగటు జీతాల పెరుగుదల ప్రకారం 2023లో 5.9 శాతం చేశారు. 2024లో 4.9. 2025 మార్చి 2 నుంచి 4.6, మళ్లీ ఆర్పీఐ మీద ఒకటి. 2025 జులై ఆర్పీఐ 4.8 కాబట్టి అదే పద్ధతిలో 2026లో 5.8 పడాల్సింది. కానీ 2025 నవంబరులో, బడ్జెట్‌కి కొద్దిరోజుల ముందు, ఇంగ్లండ్‌లో రెగ్యులేటెడ్ ఛార్జీలు 2027 మార్చి దాకా పెంచేది లేదని ప్రకటించారు. ముప్పై ఏళ్లలో ఇలా చేయడం ఇదే మొదలు. ఫ్లెక్సీ సీజన్ టికెట్ (రోజూ వెళ్లనివాళ్ల కోసం ఉన్నది, కింద వివరిస్తాను) మీద వారానికి మూడు రోజులు మిల్టన్ కీన్స్ నుంచి లండన్ వెళ్లేవాళ్లకి దీనివల్ల ఏడాదికి 315 పౌండ్లు మిగులుతాయని ప్రభుత్వమే చెప్పింది.

ఈ అంకెలు వరసగా చదివితే ఏం కనిపిస్తోంది? ఐదారేళ్లలో ఒకసారి ఆర్పీఐ, ఒకసారి ఆర్పీఐ మీద ఒకటి, ఒకసారి జీతాల లెక్క, ఒకసారి అసలు పెంపే లేదు. దేనికీ పార్లమెంటులో చట్టం మార్చాల్సిన పని పడలేదు. శాతం ఎంతన్నది చట్టంలో రాసి లేదు కాబట్టి. మొదట్లో అది ప్రభుత్వానికీ కంపెనీలకీ మధ్య కాంట్రాక్టుల్లో ఉండేది. 2020 తర్వాత టికెట్ల ఆదాయంలో లాభనష్టాలు దాదాపు పూర్తిగా ప్రభుత్వం మీదికే వచ్చాయి. ఇప్పుడైతే 2024 చట్టం కింద కంపెనీలనే ఒక్కొక్కటిగా ప్రభుత్వం తీసుకుంటోంది. 2025 మేలో సౌత్ వెస్టర్న్, జులైలో సీటూసీ, అక్టోబరులో గ్రేటర్ ఆంగ్లియా వచ్చేశాయి. అంటే ఇవాళ పరిమితి పెట్టేదీ, పెంచితే వచ్చే డబ్బు తీసుకునేదీ ఒకే చెయ్యి. ఒక శాతం తగ్గిస్తే ఖజానాకి ఎంత తగ్గుతుంది, జనం ఎంత సంతోషిస్తారు, ఎన్నికలు ఎంత దూరంలో ఉన్నాయి అన్నవే ఇక లెక్కలోకి వస్తాయి. ప్రభుత్వ రైల్వే వద్దని నేను అనడం లేదు, నాకు అది ఇష్టమే. కానీ పాతికేళ్ల మార్ట్‌గేజ్ కట్టబోయే మనిషి ఈ మార్పు గమనించకపోతే ఎలా?

ఆర్పీఐ గురించి ఒక మాట. ఈ సూచీ లెక్కగట్టే పద్ధతిలో లోపం ఉందని 2013లోనే దానికి జాతీయ గణాంకాల హోదా తీసేశారు. సాధారణంగా ఇది సీపీఐ అనే ఇంకో ద్రవ్యోల్బణ సూచీ కన్నా సుమారు ఒక శాతం ఎక్కువ చూపిస్తుంది. మన జీతాల పెంపు, వార్తల్లో చెప్పే ద్రవ్యోల్బణం సీపీఐ లెక్కలో ఉంటాయి, టికెట్ మాత్రం ఆర్పీఐ లెక్కలో పెరుగుతుంది. కాబట్టి "ద్రవ్యోల్బణం ఎంతో అంతే పెంచాం" అన్నప్పుడు కూడా మీ జేబులోంచి ఏటా దాదాపు ఒక శాతం అదనంగా పోతున్నట్టే. దాని మీద ఇంకో శాతం కలిపిన ఏడాదిలో అయితే రెండు శాతం. ఉద్యోగుల దగ్గర ఇన్నేళ్లు ఇలా వసూలు చేయడం న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం. 2030లో ఆర్పీఐ పద్ధతిని సీపీఐకి దగ్గరి బంధువైన సీపీఐహెచ్‌కి మారుస్తున్నారు, అప్పుడు ఈ తేడా చాలావరకు పోవాలి.

పరిమితి పట్టుకోలేని పెంపులు కూడా ఉంటాయి. బ్రోకర్లకీ, చాలామంది ప్రయాణికులకీ తెలియనివి ఇవే.

సగటు లెక్క ఒకటి. 2014కి ముందు పరిమితి ఒక్కో టికెట్‌కి కాదు, టికెట్ల బుట్ట మొత్తానికి. సగటు పరిమితి లోపల ఉంటే చాలు, ఏదైనా ఒక దారిలో దానికి ఐదు శాతం పైన పెంచుకోవచ్చు. 2012లో సగటు పరిమితి 6 అయితే ఒక ఊరి సీజన్ టికెట్ 11 దాకా పెరగడానికి వీలుండేది. 2014లో ఆ ఐదుని రెండుకి తగ్గించారు, 2015 నుంచి పూర్తిగా తీసేశారు. ఇప్పుడు లేదు కదా అనవచ్చు. నియమాలు పక్కకి జరిగే వీలు ఎంత ఉందో తెలియాలని చెప్తున్నాను. లండన్‌కి ఆగ్నేయంగా ఉన్న కెంట్‌లో కొన్నేళ్లు హై స్పీడ్ లైను ఖర్చు కోసం ఏకంగా ఆర్పీఐ మీద మూడు శాతం పెట్టారు. అక్కడ ఇల్లు కొనుక్కున్న ఒక జంట ఎక్సెల్ షీటు నాకు చూపించారు. మార్ట్‌గేజ్, కౌన్సిల్ టాక్స్, కరెంటు, నర్సరీ ఫీజు, అన్నీ పైసాతో సహా ఉన్నాయి. రైలు టికెట్ గడిలో మాత్రం మొదటి ఏడాది ధర రాసి, పక్కన ఏటా రెండు శాతం అని పెట్టారు. ఆ ఒక్క గడి వల్ల నాలుగేళ్లకి వాళ్ల సేవింగ్స్ ప్లాన్ మొత్తం తారుమారైంది.

రెండోది, ధర మారదు, షరతు మారుతుంది. 2014 సెప్టెంబరులో గ్రేటర్ మాంచెస్టర్, వెస్ట్ యార్క్‌షైర్ లోకల్ రైళ్లలో ఆఫ్ పీక్ టికెట్లని సాయంత్రం రద్దీ వేళ చెల్లకుండా చేశారు. ఆఫ్ పీక్ టికెట్ ధర అంతే ఉంది, పరిమితి ఎక్కడా దాటలేదు. కానీ సాయంత్రం ఐదుకి ఇంటికెళ్లాలంటే పెద్ద టికెట్ కొనాల్సిందే. సీజన్ టికెట్ ఉన్నవాళ్లకి ఇది తగలదు. వారానికి ఒకటి రెండు రోజులు మాత్రం వెళ్లేవాళ్లకి గట్టిగా తగులుతుంది.

మూడోది, టికెట్‌నే తీసేయడం. 2024 ఫిబ్రవరిలో లండన్ నుంచి న్యూకాజిల్, ఎడిన్‌బరో దారిలో ఎల్‌ఎన్‌ఈఆర్ అనే రైలు కంపెనీ ప్రయోగంగా ఆఫ్ పీక్ టికెట్లు ఎత్తేసింది. వాటి బదులు బుక్ చేసుకున్న రైలుకి అటూ ఇటూ డెబ్భై నిమిషాలు వెసులుబాటు ఉండే కొత్త టికెట్ తెచ్చింది, దాని ధర డిమాండుని బట్టి మారుతుంది. పరిమితి ఉన్న టికెట్ లేకపోతే పరిమితి దేని మీద పెడతారు? అలాగే లండన్ చుట్టుపక్కల కాంటాక్ట్‌లెస్ కార్డుతో వెళ్లే సౌకర్యం వచ్చిన స్టేషన్లలో ఆఫ్ పీక్ రిటర్న్‌లు పోయి రానూ పోనూ వేర్వేరు సింగిల్ ధరలు వచ్చాయి. కొందరికి తగ్గింది, కొందరికి పెరిగింది. మీరు చూస్తున్న స్టేషన్‌లో ఇలాంటి మార్పు ఏదైనా రాబోతోందా అని నేషనల్ రైల్ సైట్‌లో ఒకసారి చూసుకోండి. టికెట్ల మీద తగ్గింపు ఇచ్చే రైల్‌కార్డుల ధరకి కూడా పరిమితి లేదు, 2025 మార్చిలో చాలా రైల్‌కార్డులు 30 నుంచి 35 పౌండ్లయ్యాయి. అదేమీ పెద్ద మొత్తం కాదనుకోండి.

ఇప్పుడు మీ లెక్క. అంకెలు తేలిగ్గా ఉండాలని ఏడాది టికెట్ 5,000 పౌండ్లనుకుందాం, మీ స్టేషన్ అసలు ధర పెట్టి మళ్లీ చేసుకోండి. 2021 పెంపుకి ముందు 5,000 ఉన్న టికెట్ పైన చెప్పిన ఐదు పెంపుల తర్వాత 2025లో సుమారు 6,187 అయింది. నాలుగేళ్ల పైచిలుకులో 23.7 శాతం. ప్రతి పెంపూ పరిమితి లోపలే, ఒక ఏడాదైతే ఆర్పీఐలో సగానికి కూడా తక్కువే. అయినా అంత పెరిగింది. నెలకి దాదాపు వంద పౌండ్లు అదనం, అదీ టాక్స్ కట్టగా మిగిలిన జీతంలోంచి. ఇంటి నుంచి ఆఫీసుకి రోజూ వెళ్లే ఖర్చుకి ఇక్కడ ఇన్‌కమ్ టాక్స్‌లో మినహాయింపు లేదు, ఇది కూడా చాలామంది మర్చిపోతారు.

కాబట్టి బ్యాంకు వాళ్లు ఎలాగూ వడ్డీ పెరిగితే కట్టగలరా అని చూస్తారు. టికెట్ పెరిగితే కట్టగలరా అన్నది మీరే చూసుకోవాలి. నేనైతే మొదటి ఐదేళ్లకి ఏటా నాలుగు నాలుగున్నర శాతం పెంపు వేస్తాను. ఐదు రోజులూ ఆఫీసుకి వెళ్లే పరిస్థితితో ఒకసారి, మూడు రోజులతో ఒకసారి చేయండి. ఇద్దరూ లండన్‌లోనే పని చేస్తే రెండు టికెట్లు వేయండి. 2027 మార్చి దాకా పెంపు లేదు కదా అని మొదటి ఏడాది సున్నా పెట్టుకోవడంలో తప్పు లేదు, ఆ తర్వాత మాత్రం సున్నా పెట్టొద్దు.

సీజన్ టికెట్ కొనడంలో డబ్బు మిగిల్చే సంగతులు కొన్ని ఉన్నాయి. పెంపు పరిమితి కన్నా ఇవే మీకు ఎక్కువ పనికొస్తాయి.

ఏడాది టికెట్ ధర అంటే వారం టికెట్‌కి నలభై రెట్లు. నెల టికెట్ 3.84 రెట్లు. వారం టికెట్ 125 అయితే నెలకి 480, ఏడాదికి 5,000. సెలవులు, పండగలు తీసేసినా ఐదు రోజులు వెళ్లేవాళ్లు ఏడాదిలో నలభై వారాల కన్నా ఎక్కువే వెళ్తారు కాబట్టి వాళ్లకి ఏడాది టికెట్ లాభం. మూడు రోజులు వెళ్లేవాళ్లకి చాలాసార్లు కాదు. వాళ్లు ఫ్లెక్సీ సీజన్ చూడాలి. 2021 జూన్‌లో వచ్చింది, 28 రోజుల్లో ఏవైనా ఎనిమిది రోజులు వాడుకోవచ్చు. రెండు రోజులకి అది సరిగ్గా సరిపోతుంది. మూడు రోజులకి 28 రోజుల్లో పన్నెండు ప్రయాణాలు కాబట్టి ఒక ఫ్లెక్సీ ముందుగానే అయిపోతుంది, వెంటనే ఇంకోటి కొనుక్కోవాలి. అయినా చాలా దారుల్లో అదే చవక. మీ స్టేషన్ పేరు పెట్టి నేషనల్ రైల్ సీజన్ టికెట్ కాలిక్యులేటర్‌లో రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఏడాది టికెట్‌కి ఒక గొప్ప సుగుణం ఉంది. కొన్న రోజు ధరే ఏడాదంతా. పెంపు తేదీకి ముందే మొదలయ్యేలా కొంటే ఆ పెంపు మీకు మరుసటి ఏడాది దాకా తగలదు. ఐదు రోజులు వెళ్లాల్సి వస్తే, 2027 ఫిబ్రవరిలో మీ టికెట్ రెన్యూవల్ పడేలా ఇప్పటి నుంచే చూసుకోండి. నెల పైన ఎన్ని రోజులకైనా సీజన్ టికెట్ ఇస్తారు. సరిగ్గా పన్నెండు నెలలే కొనాలని ఏమీ లేదు. ఇల్లు మారిన రోజు నుంచి ఫిబ్రవరి చివరిదాకా లెక్కగట్టి అన్ని రోజులకే అడగవచ్చు.

కానీ తేదీ కలవడం కోసం చేతిలో ఉన్న ఏడాది టికెట్‌ని మధ్యలో వాపసు ఇవ్వకండి. వాపసు లెక్క మనం అనుకున్నట్టు ఉండదు. వాడిన నెలలకి నెల టికెట్ ధర పట్టుకుని మిగిలింది ఇస్తారు. పై ఉదాహరణలో ఆరు నెలలకి వాపసు ఇస్తే 2,880 పట్టుకుని 2,120 ఇస్తారు, సగం రాదు. తొమ్మిది నెలలకైతే 4,320 పట్టుకుని 680. పది నెలలకి 200. పదిన్నర నెలలయ్యాక ఏమీ రాదు. దీని మీద చిన్న రుసుము కూడా ఉంటుంది. మేలో అయిపోయే టికెట్‌ని పెంపు తప్పించుకోవడానికి ఫిబ్రవరిలో ఇచ్చేస్తే మూడు నెలల ప్రయాణం, అంటే 1,250 విలువ వదులుకుని 680 తీసుకున్నట్టు. నష్టం 570. అలా చేసి తప్పించుకునే పెంపు, ఐదు శాతమే అనుకున్నా, రెండు వందలకి లోపే. ఒక తమ్ముడు ఉద్యోగం మారుతూ తొమ్మిదో నెలలో టికెట్ వాపసు ఇచ్చి, నాలుగో వంతు డబ్బు వస్తుందని ఆశపడి, వచ్చిన చెక్కు చూసి నాకు ఫోన్ చేశాడు. కంపెనీ లెక్క సరైనదే. ఉద్యోగం మీద నమ్మకం లేని ఏడాది, ప్రొబేషన్‌లో ఉన్న ఏడాది, ఏడాది టికెట్ కొనొద్దని అప్పటి నుంచీ అందరికీ చెప్తున్నాను. నెల టికెట్లతో ఖర్చు కొంచెం ఎక్కువైనా చేతులు కట్టేసుకున్నట్టు ఉండదు.

చివరిగా ఆఫీసు లోన్. చాలా కంపెనీలు సీజన్ టికెట్‌కి వడ్డీ లేని లోన్ ఇస్తాయి, నెలనెలా జీతంలో కట్ చేసుకుంటాయి. కంపెనీ దగ్గర మీకున్న మొత్తం లోన్లు 10,000 పౌండ్లు దాటకపోతే వడ్డీ లేకుండా ఇచ్చినందుకు టాక్స్ పడదు. హెచ్‌ఆర్‌ని అడిగేటప్పుడు మూడు విషయాలు తెలుసుకోండి: ప్రొబేషన్ అయ్యాకే ఇస్తారా, ఏడాదిలో ఎప్పుడైనా తీసుకోవచ్చా లేక ఒకే నెలలోనా, ఉద్యోగం వదిలితే మిగిలిన బాకీ చివరి జీతంలోంచి ఒకేసారి తీసుకుంటారా. మూడోదానికి ఔనంటే ఆ నెల చేతికి ఏమీ రాకపోవచ్చు, అదే సమయంలో టికెట్ వాపసు సొమ్ము రావడానికి కొంత టైము పడుతుంది. మార్ట్‌గేజ్ కట్టాల్సిన నెల అదే అయితే ఇబ్బంది, కనీసం ఒక నెల వాయిదాకి సరిపడా పక్కన పెట్టుకోండి.

మీరు చూస్తున్న ఇంటికి దగ్గర్లో మిల్టన్ కీన్స్ సెంట్రల్ కాక బ్లెచ్లీ, వోల్వర్టన్ కూడా ఉన్నాయి. మూడింటి సీజన్ ధరలూ, స్టేషన్‌లో కారు పార్కింగ్ ధరా వేర్వేరుగా చూడండి. పార్కింగ్ సీజన్ టికెట్ ధరకి ఈ పరిమితి వర్తించదు. ఇంటి నుంచి స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగే ఇల్లు ధరలో కాస్త ఎక్కువున్నా, ఏటా పార్కింగ్‌కి పెట్టేది కలిపి చూస్తే చాలాసార్లు అదే నయం. మీ స్టేషన్, మీ ఆఫీసు ఉన్న చోటు, వారానికి ఎన్ని రోజులో ఇక్కడే రాయండి, అసలు అంకెలతో లెక్క వేసి పెడతాను.